మామూలు బడిపంతులు ఇంటికి హెరిటేజ్ గుర్తింపు ఎందుకు? మన దగ్గర అలాంటివి ఎందుకు కనపడవు?

మీరు అడిగింది ఇది: ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఒక పల్లెటూరి టీచరు ఉన్న చెక్క ఇంటిని ప్రభుత్వం హెరిటేజ్ జాబితాలో పెట్టింది, అందులో అంత గొప్పేముంది? భువనగిరి దగ్గర మీ తాతగారు బడి నడిపిన పెంకుటిల్లు ఇంకా నిలబడి ఉంది కదా, దానికీ అలాంటి గుర్తింపు వస్తుందా?

మొదటి ప్రశ్నకు జవాబు, గొప్పేమీ లేదు. మామూలుగా ఉండటమే ఆ ఇంటి అర్హత. మా అమ్మాయి బ్రిస్బేన్ వైపు ఉంటుంది, అక్కడికి వెళ్ళినప్పుడు అలాంటి ఇల్లొకటి చూశాను. మా నాన్న రిటైరయ్యేదాకా నల్లగొండ జిల్లా పల్లెల్లో సర్కారు బడి పంతులు. అందుకే ఈ విషయం మీద కొంచెం ఎక్కువే రాస్తున్నాను, విసుక్కోకండి.

క్వీన్స్‌లాండ్ 1859లో న్యూసౌత్‌వేల్స్ నుంచి విడిపోయి వేరే కాలనీ అయింది. మరుసటి ఏడే విద్యకు ఒక బోర్డు పెట్టుకున్నారు. 1875 చట్టంతో ప్రాథమిక చదువు ఉచితం, నిర్బంధం అన్నారు, బళ్ళో మతబోధ ఉండకూడదన్నారు. చట్టం బాగానే ఉంది కానీ, ఊరికీ ఊరికీ మధ్య అంతా అడవీ గడ్డిబీళ్ళూ. జీతం చూస్తే అంతంత మాత్రం. అలాంటి చోటికి పెళ్ళాం పిల్లలతో ఎవరు వెళ్తారు? అందుకని బడి ఆవరణలోనే ఇల్లు కట్టి అద్దె లేకుండా ఇచ్చారు. తక్కువ జీతానికి అది పరిహారం, పల్లెకు రావడానికి ఆశ. పనిలో పనిగా బడికి కాపలా మనిషి కూడా దొరికినట్టే. ఈ సదుపాయం మగ టీచర్లకే. ఆయన భార్య మాత్రం చాలా చోట్ల ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. బడి కట్టడానికి అయ్యే ఖర్చులో ఐదో వంతు ఊరివాళ్ళు చందాలేసుకుని తేవాలి, మిగతాది ప్రభుత్వం పెట్టేది. మన ఊళ్ళలో బడికి గదులు కట్టేటప్పుడు ప్రజల వాటా అడిగారే, అచ్చం అదే పద్ధతి.

బళ్ళకూ టీచర్ల ఇళ్ళకూ ప్రభుత్వ ఆర్కిటెక్టులు ఒకే రకం నమూనా ప్లాన్లు గీసి పెట్టుకున్నారు. రిచర్డ్ సూటర్ అనే ఆయన తొలి నమూనాల్లో గోడకు పలక ఒకే వరస, నిలువు కొయ్యల చట్రం బయటికే కనిపిస్తుంది. కలప ఎక్కడికైనా మోసుకెళ్ళవచ్చు, ఖర్చూ తక్కువ. నేను చూసిన ఇల్లు పొట్టి కొయ్య దిమ్మెల మీద నిలబడి ఉంది. ప్రతి దిమ్మె నెత్తిన ఒక రేకు టోపీ బోర్లించారు. వర్షానికేమో అనుకున్నాను, కాదట. చెదలు కింది నుంచి పైకి పాకినా ఆ రేకు అంచు దాటి రావాలి కాబట్టి కంటపడిపోతాయి. ముందంతా వరండా, పైన ముడతల రేకు కప్పు, పక్కన వాననీళ్ళ తొట్టి. వంటింటి కిటికీలోంచి చూస్తే బడి మెట్లు కనిపిస్తాయి. ఆ టీచరుకు ఉద్యోగం నుంచి ఇంటికి రావడమంటూ ఏనాడూ ఉండి ఉండదు, పాపం.

ఇక గుర్తింపు సంగతి. అక్కడ 1992లో హెరిటేజ్ చట్టం తెచ్చారు. ఏ స్థలాన్ని జాబితాలో పెట్టాలో చూడటానికి అందులో ఎనిమిది కొలమానాలున్నాయి. అందం, గొప్పవాళ్ళతో సంబంధం లాంటివి వాటిలో కొన్ని మాత్రమే. ఆ ప్రాంత చరిత్ర ఎలా నడిచిందో చూపగలగడం ఒక కొలమానం. ఒక రకం కట్టడాలు ఎలా ఉండేవో చూపించే మంచి నమూనా కావడం ఇంకొకటి. టీచరు ఇల్లు ఈ రెండింటితోనే నెగ్గుకొస్తుంది. అందులో ఎవరున్నారో తెలియకపోయినా పర్వాలేదు.

మన హైదరాబాద్ జాబితాల తీరు వేరు. 1995లో హుడా (అప్పటి హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) నిబంధనల్లో 13వ నిబంధన చేర్చి నగరంలోని పాత కట్టడాలకు కొంత రక్షణ ఇచ్చారు. ప్యాలెస్‌లు, దేవిడీలు (అమీర్ల పెద్ద బంగళాలు), ఆస్పత్రులు, కాలేజీలు దాని కిందికి వచ్చాయి. 2015 చివర్లో ఆ నిబంధనే తీసేశారు, 2017లో తెలంగాణకు ప్రత్యేకంగా వారసత్వ చట్టం వచ్చింది. అంత పేరున్న ఇర్రం మంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కడతామంటే 2019లో హైకోర్టు అడ్డుపడాల్సి వచ్చింది. నవాబుల భవనాలకే ఈ గతి పడితే పంతులు పెంకుటింటిని పట్టించుకునేదెవరు? డంగు సున్నం, కమాను, గుమ్మటం ఉంటేనే మనకు చరిత్ర కనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్ళు కాదనవచ్చు.

తెలుగునాట రక్షణ పొందిన పంతులు ఇల్లు అంటే గుర్తొచ్చేది రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారిది. ఆయన కోరంగిలో, ధవళేశ్వరంలో బళ్ళకు హెడ్మాస్టరుగా చేశారు, 1874లో ధవళేశ్వరంలో ఉన్నప్పుడే వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు. 1881 డిసెంబర్ 11న తొలి వితంతు వివాహం రాజమండ్రిలో జరిపించారు. కాబట్టి ఆ ఇల్లు నిలిచింది సంఘసంస్కర్త ఇల్లుగానే తప్ప పంతులు ఇల్లుగా కాదు.

తెలంగాణలో అయితే అసలు చిక్కు ఇంకోటి. నిజాం రాజ్యంలో సర్కారు బళ్ళలో పైచదువులు ఉర్దూలోనే. తెలుగు నేర్పింది ఎక్కువగా ఖాంగీ బడులు, అంటే ప్రైవేటుగా నడిచేవి. మా వైపు ముసలివాళ్ళు ‘కానిగి బడి’ అనేవాళ్ళు. 1920ల్లో వాటికీ సర్కారు అనుమతి తప్పనిసరి చేశారు, దానితో చాలావాటికి ఊపిరాడలేదు. ఆ బడికి వేరే కట్టడం ఏముంటుంది? పంతులు ఇంటి అరుగో, ఊరి పెద్ద కొట్టమో, గుడి మండపమో. ఫీజు కింద వడ్లో జొన్నలో కొలిచేవాళ్ళు. ఇల్లే బడి కాబట్టి పంతులు పోయాక బడీ పోయేది, ఇల్లు అన్నదమ్ముల వాటాల్లో కలిసిపోయేది.

1948 తర్వాత సర్కారు బళ్ళు పెరిగాయి గానీ పంతులుకు ఇల్లు మాత్రం రాలేదు. మా నాన్న ఏ ఊరికి బదిలీ అయినా ఎవరో ఒకరి ఇంటి ముందు గదిలో అద్దెకుండేవారు. గదికి రెండు దర్వాజలు, ఒకటి వీధిలోకి, ఒకటి ఇంటివాళ్ళ వాకిట్లోకి. ఆ రెండో దర్వాజకు వాళ్ళ వైపు నుంచి గొళ్ళెం, అది తీయాలంటే వాళ్ళు తలుచుకోవాలి. సామానంతా ఒక రేకు పెట్టె, ఒక పరుపు చుట్ట, గోడకు మేకులు. ఆ మేకుల్లో ఒకటి హాజరు పట్టీ సంచీకి, దాని మీద మేము చొక్కా తగిలిస్తే వీపు విమానం మోతే. తర్వాతి తరం సార్లు బస్సులో అప్ అండ్ డౌన్ మొదలుపెట్టారు. ఇంటి అద్దె భత్యం ఊరి లెక్కన, కాపురం ఉప్పల్‌లో. వాళ్ళ పిల్లల చదువులు చూసుకుంటే వాళ్ళ తప్పూ లేదు. మొత్తానికి బడిపంతులు ఇల్లు అని వేలు పెట్టి చూపించే రకం కట్టడమే మన దగ్గర తయారవలేదు. అందుకే మీ తాతగారి ఇల్లు నిలబడి ఉందంటే నాకు ఆశ్చర్యం వేసింది.

గుర్తింపు వస్తుందా అంటే, అవకాశం తక్కువ. అయినా ఆధారాలు పోగేయడానికి గుర్తింపు దాకా ఆగక్కర్లేదు. ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ళ స్థలంలో ఉంటే పహాణీలో (పొలాల రెవెన్యూ రికార్డులో) కనపడదు, 1954-55 ఖాస్రా పహాణీ కోసం తిరిగినా పొలాల సంగతే దొరుకుతుంది. ఇంటికి పనికొచ్చేది పంచాయతీ ఇంటి పన్ను రసీదులు, పాత దస్తావేజులు. ఖాంగీ బడి అనుమతి కాగితం ఇంట్లో లేకపోతే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగండి. నిజాం కాలపు రికార్డులు అక్కడున్నాయి, అయితే ఉర్దూ, ఫార్సీ (పర్షియన్) చదవగలిగే మనిషిని వెంట తీసుకెళ్ళాలి. కాగితం మీద ఉండేది ఫసలీ సంవత్సరం, అంటే నిజాం సర్కారు వాడిన రెవెన్యూ సంవత్సరం, దానికి 590 కలుపుకుంటే సుమారుగా మన లెక్కకు వస్తుంది. 1340 ఫసలీ అంటే 1930-31.

ఇంట్లో చూడాల్సింది గోడలు. కొన్ని చోట్ల పంతుళ్ళు గోడ మీదే బొగ్గుపొడీ ఆకుపసరూ కలిపి రుద్ది నల్లబల్ల చేసుకునేవారు. అరుగు పక్క గోడకు సున్నం పొరలు లేచిన చోట నెమ్మదిగా గీకి చూడండి, నలుపు తేలితే ఫొటో తీసి పెట్టుకోండి. టేపుతో గదుల కొలతలు తీసుకుని, దూలాలూ వాసాలూ ఏ కలపో, పైన గూన పెంకా బంగ్లా పెంకా రాసుకోండి. అక్కడ చదివినవాళ్ళలో బతికున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఎండాకాలం లోపే వెళ్ళి మాట్లాడండి, ఎవరు ఎక్కడ కూర్చునేవారో అడిగి ప్లాన్ మీద గుర్తు పెట్టండి.

దరఖాస్తు మాట వాటి తర్వాత. అదీ ఇల్లు ఎవరి పేరు మీద ఉందో తేలాకే. జాబితాలోకి ఎక్కితే గోడ కదిలించాలన్నా అనుమతి కావాల్సి వస్తుంది, దానికి మీ బాబాయిలూ మేనత్తలూ అందరూ సరేననాలి. ముందు వాళ్ళను ఒకచోట కూర్చోబెట్టండి.