ఈథర్ పోయినా మాక్స్‌వెల్ సమీకరణాలు ఎలా నిలిచాయి?

కాంతి తరంగాలను మోస్తూ అంతటా నిండి ఉందని ఒకప్పుడు భావించిన యానకం (మాధ్యమం) ఈథర్‌ను నమ్మి మాక్స్‌వెల్ విద్యుత్తునూ అయస్కాంతత్వాన్నీ కలిపే తన సమీకరణాలను రాశాడని, ఆ ఈథర్‌నే తర్వాత భౌతికశాస్త్రం వదిలేసిందని, అయినా సమీకరణాలు ఎందుకు చెక్కుచెదరలేదని మీరు అడిగారు. డిగ్రీ కళాశాలలో చాలాకాలం భౌతికశాస్త్రం బోధించిన నాకు ఇది బాగా పరిచయమైన ప్రశ్న. పాఠ్యపుస్తకాలు ఈథర్ కథను, ఈథర్‌లో భూమి చలనాన్ని పసిగట్టాలని చూసి విఫలమైన మైకెల్సన్–మోర్లీ ప్రయోగంతో ఒక్క పేరాలో ముగించేస్తాయి. అందుకే, తెలివైన విద్యార్థులకు కూడా ఈ సందేహం మిగిలిపోతుంది.

ఈథర్ అనేది ఆషామాషీ ఊహ కాదు. యంగ్, ఫ్రెనెల్ చేసిన కృషితో కాంతి తరంగమని, అది తిర్యక్ తరంగమని, అంటే సాగే దిశకు అడ్డంగా కంపించే తరంగమని స్థిరపడింది. అలాంటి తరంగం ఒక యానకం గుండా పోవాలంటే ఆ యానకానికి ఘనపదార్థపు బిగువు ఉండాలి. కానీ గ్రహాలు అందులోంచి ఏ నిరోధమూ లేకుండా సాగిపోవాలి. ఈ చిక్కు విప్పడానికి ఆ కాలపు మేధావులు దశాబ్దాలు వెచ్చించారు.

ఫారడే దారి వేరు. గణితశిక్షణ లేని ఆయన, అయస్కాంతం చుట్టూ ఇనుప రజను సర్దుకునే తీరును చూసి, బలం దూరాన్నుంచి ఒక్కసారిగా దూకదనీ, మధ్యనున్న చోటంతా బలరేఖలతో నిండి ఉంటుందనీ భావించాడు. ఇలా బలం పరచుకున్న చోటునే క్షేత్రం అంటాం. 1846లో మరింత ముందుకు వెళ్లి, కాంతి అంటే ఆ బలరేఖల కంపనమే కావచ్చని, అలాగైతే కంపనాన్ని ఉంచుకుని ఈథర్‌ను విడిచిపెట్టవచ్చని సూచించాడు. ఐన్‌స్టీన్ కంటే దాదాపు 60 ఏళ్ల ముందు వచ్చిన ఈ మాటను మన తరగతుల్లో ఎవరూ ప్రస్తావించకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

మీ ప్రశ్నకు అసలు జవాబు మాక్స్‌వెల్ రాసిన రెండు పత్రాల మధ్య ఉంది. 1861–62 నాటి పత్రంలో ఆయన యానకమంతా తిరుగుతున్న సూక్ష్మమైన సుడులతో నిండి ఉందని ఊహించాడు. పక్కపక్కనున్న రెండు సుడులు ఒకే దిశలో తిరిగితే అవి కలిసేచోట ఒరుసుకుంటాయి కాబట్టి, వాటి మధ్య చిన్న చిన్న కణాలను చక్రాల్లా అమర్చాడు. ఆ కణాల కదలికే విద్యుత్ ప్రవాహం. సుడులకు సాగే గుణం కూడా ఇచ్చేసరికి, తీగలో ప్రవాహం లేనిచోట కూడా విద్యుత్ క్షేత్రం మారుతున్నప్పుడు అయస్కాంత ప్రభావం పుట్టాలని తేలింది. నేడు మనం స్థానభ్రంశ విద్యుత్తు అంటున్నది అదే. ఆ యానకంలో తరంగ వేగం ఎంతో లెక్కించడానికి వెబర్, కోల్‌రాష్ 1856లో ప్రచురించిన విద్యుత్ కొలతలను ఉపయోగిస్తే సెకనుకు 310,740 కిలోమీటర్లు వచ్చింది. ఫిజో కొలిచిన కాంతి వేగంగా ఆయన తీసుకున్న విలువ 314,858 కిలోమీటర్లు. ఈ రెండు సంఖ్యలనూ నల్లబల్లపై పక్కపక్కన రాసి, మొదటిదాన్ని కొలిచినవారు కాంతిని ముట్టుకోనే లేదని చెప్పినప్పుడు తరగతి నిశ్శబ్దమయ్యేది.

1865లో వెలువడిన పత్రంలో ఆ సుడులూ చక్రాలూ కనిపించవు. ఈథర్ ఉందనే మాక్స్‌వెల్ చివరిదాకా నమ్మాడు, అది నిజం. కానీ అది లోపల ఎలా పనిచేస్తుందన్న ఊహపై ఈసారి సమీకరణాలను ఆధారపడనివ్వలేదు. క్షేత్రంలోని శక్తి, క్షేత్రాల మధ్య సంబంధాలు, ఇవే మిగిలాయి. 1887–88లో ఆ తరంగాలను ప్రయోగశాలలో పుట్టించి చూపిన హెర్ట్జ్, మాక్స్‌వెల్ సిద్ధాంతమంటే మాక్స్‌వెల్ సమీకరణాల వ్యవస్థేనని తర్వాత స్పష్టంగా రాశాడు.

1887 నాటి మైకెల్సన్–మోర్లీ ప్రయోగం ముఖ్యమైనదే, కానీ అది ఒక్కటే ఈథర్‌ను కూల్చలేదు. చలనదిశలో వస్తువులు కుంచించుకుపోతాయని ఫిట్జ్‌గెరాల్డ్, లోరెంట్జ్ ప్రతిపాదించి ఈథర్‌ను కాపాడగలిగారు. ఐన్‌స్టీన్ 1905 పత్రం మొదలయ్యేది ఆ ప్రయోగంతో కాదు, అయస్కాంతం–తీగచుట్ట ఉదాహరణతో. మా ప్రయోగశాలలో ప్రతి కొత్త తరగతికీ దీన్ని చేసి చూపేవాడిని. గాల్వనోమీటరుకు (చిన్న విద్యుత్ ప్రవాహాన్ని ముల్లుతో చూపే పరికరానికి) కలిపిన తీగచుట్టను బల్లపై ఉంచి దండాయస్కాంతాన్ని అందులోకి తోస్తే ముల్లు ఒక పక్కకు కదులుతుంది. అయస్కాంతాన్ని కదలకుండా పట్టుకుని చుట్టనే దానిపైకి అదే వేగంతో తెస్తే ముల్లు అదే పక్కకు, అంతే కదులుతుంది. ఈథర్‌ను నిశ్చలంగా భావించే సిద్ధాంతం మాత్రం ఒకే ఫలితానికి రెండు వేర్వేరు వివరణలు ఇచ్చేది. అయస్కాంతం కదిలితే దాని చుట్టూ విద్యుత్ క్షేత్రం పుడుతుంది, చుట్ట కదిలితే ఏ విద్యుత్ క్షేత్రమూ పుట్టదు, తీగలోని ఆవేశాలపై అయస్కాంత బలం పనిచేస్తుంది. ఏది నిజంగా కదిలిందో ముల్లు చెప్పలేనప్పుడు, ఆ తేడాను ప్రకృతికి అంటగట్టడం సరికాదని ఐన్‌స్టీన్ వాదన. అందుకే ఆయన ఈథర్ లేదని నిరూపించానని అనలేదు, దాని అవసరం లేదని మాత్రమే అన్నాడు. ఆ పత్రంలో శూన్యానికి వర్తించే మాక్స్‌వెల్ సమీకరణాలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఆయన మార్చింది కాలాన్నీ దూరాన్నీ కొలిచే పద్ధతిని.