తెలంగాణ నంబరు కారుతో విజయవాడలో ఉంటే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలా? నా అనుభవం

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. ఉద్యోగం హైదరాబాద్‌లో, ఇల్లు విజయవాడలో, కారుకేమో టీఎస్ నంబరు, నెలలో సగం అక్కడ సగం ఇక్కడ. నంబరు మార్చుకోవాలా అన్నది మొదటిది. మనలాంటి వాళ్లకు తగ్గట్టు ఈ రూల్స్ ఎలా మారాలి అన్నది రెండోది. మొదటిదానికి చిన్న జవాబు ఉంది. రెండోది అడిగి నా కడుపుమంట కెలికారు.

ముందు మొదటిది. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 47 అని ఒకటుంది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. మీరు పదిహేను రోజులకోసారి వెళ్లొస్తున్నారు కాబట్టి ఆ 12 నెలల లెక్క మీకు మొదలే కాలేదని నేననుకుంటాను. ఎవరైనా ఆపి అడిగితే చూపించడానికి ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ ఫోన్‌లో పెట్టుకోండి. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్లు దాటిన ప్రతిసారీ తేదీ, టైముతో సహా పడుతుంది. అంతకన్నా మంచి సాక్ష్యం ఏముంటుంది? కాకపోతే నంబరు సంగతి వేరు, ట్యాక్స్ సంగతి వేరు. ట్యాక్స్ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తన చట్టం ప్రకారం వేస్తుంది.

ఇక నా కథ. 2017లో హైదరాబాద్‌లో ఉన్నప్పుడు లోన్ మీద కారు కొన్నాను. టీఎస్ 08 నంబరు. 2020 లాక్‌డౌన్‌లో విజయవాడ పటమటలో మా ఇంటికి వచ్చేశాం. వచ్చే నెల వెళ్దాం, పండగయ్యాక వెళ్దాం అనుకుంటూనే రెండేళ్లు గడిచాయి. చివరికి కంపెనీ వాళ్లు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. అప్పటికి 12 నెలలు ఎప్పుడో దాటిపోయాయి. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ పోలీసు కనబడితే చాలు, ఊరికే టెన్షన్. సరే, పద్ధతి ప్రకారం మార్చేద్దామనుకున్నాను.

ముందు కొన్న చోట ఎన్‌ఓసీ, అంటే బండి వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే కాగితం తీసుకోవాలి. దానికి ఫారం 28. లోన్ ఉంటే బ్యాంకు నుంచి విడిగా ఇంకో ఎన్‌ఓసీ. బ్యాంకుది వచ్చింది కదా అని అప్లై చేస్తే రెండు చలాన్లు బాకీ ఉన్నాయి, ముందుకు కదలదు. ఒకటి రాంగ్ పార్కింగ్‌ది, రెండోది స్పీడ్‌ది. కట్టాను. ఎన్‌ఓసీ అడిగిన 30 రోజుల్లోగా ఇవ్వడమో కాదనడమో చెయ్యకపోతే ఇచ్చినట్టే లెక్క అని సెక్షన్ 48లో ఉంది. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ‘ఇచ్చినట్టే లెక్క’ అయిన కాగితాన్ని రెండో రాష్ట్రంలో కౌంటర్ మీద ఎలా పెడతామో నాకైతే అర్థం కాలేదు.

ఎన్‌ఓసీ వచ్చాక విజయవాడలో కొత్త నంబరు కోసం ఫారం 27. అప్పట్లో మన రెండు రాష్ట్రాలకూ సొంత సాఫ్ట్‌వేర్లు, బండ్ల రికార్డుల కోసం ఢిల్లీ వాళ్లు నడిపే వాహన్‌తో కలవనివి. అందుకని ఒకచోటి రికార్డు ఇంకోచోట కనబడక, సరిచూసుకోవడానికే రోజులు పట్టాయి. కౌంటర్‌లో ఉన్నాయన మర్యాదగానే మాట్లాడాడు పాపం, ఆయన చేతిలో మాత్రం ఏముంది? తర్వాత ఇన్‌స్పెక్టర్ వచ్చి బండి ఫ్రేమ్ మీద చెక్కి ఉండే ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టించి, పెన్సిల్‌తో రుద్దించి, ఆ అచ్చు పాత రికార్డుతో సరిపోయిందో లేదో చూశారు. బ్రేకులు పట్టించుకోలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

అసలు దెబ్బ లైఫ్ ట్యాక్స్, అంటే బండి కొన్నప్పుడే ఒకేసారి కట్టే పన్ను. కారు వయసు, కొన్న ధర చూసి ఇక్కడ మళ్లీ కట్టించుకుంటారు. మొదట కట్టిన చోట మిగిలిన కాలానికి వాపసు అడుక్కోవాలి. అంటే ముందు ఇక్కడ కట్టి, ఇక్కడి ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) చూపించి, అక్కడ అడగాలి. మా అమ్మ అంది: “రెండిళ్లుంటే రెండు పన్నులు కడతారు, ఒక్క కారుకి రెండుసార్లు ఏంట్రా?” నా దగ్గర జవాబు లేదు.

నంబరు మారాక ఇన్సూరెన్స్ మార్పించాను, ప్లేటు వేయించాను, ఫాస్టాగ్ మాత్రం మర్చిపోయాను. గుంటూరు పెళ్లికి వెళ్తూ కాజ టోల్ దగ్గరికి వచ్చాక గుర్తొచ్చింది, ట్యాగ్‌లో పాత నంబరు, బండికి కొత్త నంబరు. తప్పు నాదే. మీరు మాత్రం మర్చిపోకండి.

ఇప్పుడు రూల్స్ ఎలా మారాలో చెప్తాను. గుంటూరు నుంచి విజయవాడకు ఇల్లు మారితే ఇప్పుడు ఇంత గొడవ లేదు. 2019 సవరణతో రాష్ట్రంలో ఏ రిజిస్టరింగ్ అథారిటీ దగ్గరైనా రిజిస్టర్ చేయించుకునే వీలొచ్చింది. అదే ఏడాది మన దగ్గర ఏపీ 39 సిరీస్ కూడా వచ్చింది. ఏపీ 07 అంటే గుంటూరు, ఏపీ 16 అంటే కృష్ణా అని నంబరు చూసి ఊరు చెప్పే సరదా పోయిందనుకోండి, మా నాన్నకి ఆ బాధ ఇప్పటికీ ఉంది. కానీ జిల్లాల మధ్య తీసేసిన గోడ రాష్ట్రాల మధ్య అలాగే ఉంది. సరిహద్దులో గరికపాడు దాటితే ఇదే భాష, ఇదే హైవే. 2014 జూన్ 2కి ముందు ఇవన్నీ ఒకే రాష్ట్రం నంబర్లు!

గోడ ఎందుకు పోవడం లేదంటే డబ్బు వల్ల. రాజ్యాంగంలో వాహనాల మీద పన్ను రాష్ట్రాల జాబితాలో ఉంది. లైఫ్ ట్యాక్స్ ఒకేసారి పెద్ద మొత్తంలో చేతికొస్తుంది కాబట్టి ఏ రాష్ట్రమూ వదులుకోదు. వదులుకోమని నేనూ అనను, మన రోడ్లు వెయ్యడానికి డబ్బు కావాలి కదా. కానీ జీఎస్టీలో ఒక రాష్ట్రం సరుకు ఇంకో రాష్ట్రానికి వెళ్తే కొన్నవాడు పన్ను ఒక్కసారే కడతాడు, ఎవరి వాటా ఎవరికన్నది ప్రభుత్వాలు వెనకాల సర్దుకుంటాయి. 2017 జులై నుంచి నడుస్తున్న పద్ధతే. గుంటూరు మిర్చికి చెయ్యగలిగింది కారుకి ఎందుకు చెయ్యలేరు? నేను అప్లికేషన్ ఒక్కటి పెడతాను, మిగిలిన కాలం ట్యాక్స్ ఆ రాష్ట్రం ఈ రాష్ట్రానికి పంపుకోవాలి. వాపసు కోసం తిరిగే పని బండి యజమానికి పెట్టకూడదు.

బీహెచ్ సిరీస్ (దేశమంతా చెల్లే ‘భారత్’ నంబరు) ఉంది కదా అంటారు. ఉంది, 2021 సెప్టెంబర్ 15 నుంచి. రాష్ట్రం మారినా నంబరు మార్చక్కర్లేదు. ట్యాక్స్ రెండేళ్లకోసారి కట్టుకోవచ్చు, 14 ఏళ్ల తర్వాత ఏటా. పద్ధతి బంగారంలాంటిది, గేటే ఇరుకు. సైన్యం వాళ్లు, ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థల వాళ్లు, ప్రైవేటులో అయితే నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల వాళ్లు మాత్రమే అర్హులు. తమ దగ్గర పనిచేస్తున్నాడని కంపెనీ ఫారం 60 ఇవ్వాలి. మాకు రెండే ఆఫీసులు, హైదరాబాద్, బెంగళూరు. నాకు రాదు. ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు పెట్టుకుని వారం వారం హైదరాబాద్ తిరిగేవాడికీ రాదు, రిటైరై ఆర్నెల్లు కొడుకు దగ్గర, ఆర్నెల్లు కూతురి దగ్గర ఉండేవాళ్లకీ రాదు. అసలు తిరుగుడు ఎక్కువ వీళ్లదే. ఆ రెండేళ్ల ట్యాక్స్ పద్ధతి అడిగిన ప్రతివాడికీ ఇవ్వాలి.

ఇక తనిఖీ. మా బాబాయి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. 2008లో కొన్న బైకు, ఏపీ 07. కూకట్‌పల్లిలో కూతురి దగ్గర ఉంటూ బైకుని రైలు పార్శిల్‌లో తెప్పించుకున్నాడు. 2023లో 15 ఏళ్లు నిండాయి, రెన్యువల్ చేయించాలి. రూల్ ప్రకారం బండి ఎక్కడుంటే అక్కడ అడగొచ్చు. కానీ ఏడాది దాటింది కాబట్టి ముందు ఎన్‌ఓసీ, కొత్త నంబరు అన్నారు. పదివేలు కూడా పలకని బైకుకి అదంతా ఎందుకని మళ్లీ పార్శిల్‌లో గుంటూరు పంపించాడు. ఈ లోపు నాలుగు నెలల ఆలస్యం, నెలకి 300 చొప్పున 1,200. రెన్యువల్ ఫీజు 1,000. పైన పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్. అక్కడ ఇన్‌స్పెక్టర్ హారన్, లైట్లు, బ్రేకు చూసి అయిదు నిమిషాల్లో సరే అన్నారు. ఆ అయిదు నిమిషాల చూపు కోసం బైకు రెండోసారి రైలెక్కింది.

పొల్యూషన్ సర్టిఫికెట్ చూడండి, ఏ బంకులో తీయించుకున్నా దేశమంతా చెల్లుతుంది. బండి రోడ్డుకి పనికొస్తుందో లేదో చూసే ఫిట్‌నెస్ పరీక్ష కూడా అలాగే ఉండాలి. ఎక్కడ బండి ఉంటే అక్కడి సెంటర్లో పరీక్ష, ఫలితం ఆర్‌సీ రికార్డులోకి ఎక్కాలి.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి, మీకు నచ్చకపోవచ్చు. లారీకి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉంది. మన సొంత కారుని 15 ఏళ్ల దాకా ఎవరూ చూడరు. నా కారు ఛాసిస్ నంబరు ఇటూ అటూ చూశారు గానీ బ్రేకులు ఎవరికీ పట్టలేదు అన్నాను కదా. నంబరు మార్పిడి పని తీసేసి, ఆ తీరికతో బ్రేకులూ టైర్లూ నాలుగైదేళ్లకోసారి చూస్తే నేను సంతోషంగా లైన్లో నిలబడతాను. జర్మనీలో మా మేనల్లుడు ఊరు మారినా పాత నంబరుతోనే తిరుగుతున్నాడు, అక్కడ 2015 నుంచి ఆ వీలుంది. కానీ రెండేళ్లకోసారి బండి పరీక్ష మాత్రం తప్పదు.

మీ విషయానికొస్తే, ఇప్పుడే నంబరు మార్చకండి. మీ కంపెనీకి ఎన్ని రాష్ట్రాల్లో ఆఫీసులున్నాయో హెచ్‌ఆర్‌ని అడగండి. నాలుగుంటే, పాత నంబరు బండిని బీహెచ్‌కి మార్చుకునే వీలు 2022 డిసెంబర్ నుంచి ఉంది. అన్ని రాష్ట్రాలూ దీన్ని ఒకేలా అమలు చెయ్యడం లేదు, మీ ఆర్‌టీఓ ఆఫీసులో ముందే కనుక్కోండి. నాలుగు లేకపోతే, పూర్తిగా విజయవాడకి మకాం మార్చే రోజున ఎన్‌ఓసీ సంగతి చూసుకోవచ్చు. దానికి ముందు చలాన్లు ఏమన్నా ఉన్నాయేమో ఈ రాత్రే చూసుకోండి. నా రాంగ్ పార్కింగ్ చలాన్ మూడేళ్ల పాతది, ఎక్కడ ఆపానో కూడా గుర్తు లేదు.