జాడ తెలియని యూదు బంధువులను వెతికే దారి

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల వల్ల జాడ తెలియకుండా పోయిన యూదుల వివరాలను బంధువులు ఇప్పటికీ ఎక్కడ వెతుకుతున్నారు? పిల్లలకు ఆ సంగతి ఎలా చెప్పాలి?

జవాబు: జర్మనీలోని బాడ్ అరోల్సెన్ పట్టణపు పత్రాగారంలో నిర్బంధ శిబిరాల రికార్డులు ఉన్నాయి, కుటుంబాలు అడిగితే అక్కడి సిబ్బంది ఉచితంగా వెతికిపెడతారు. జెరూసలేంలోని యాద్ వాషెం అనే, హతులైన యూదుల స్మారక సంస్థ 1950ల నుంచి సాక్ష్యపత్రాలు సేకరిస్తోంది. మృతుల పేరు, తల్లిదండ్రులు, పుట్టిన ఊరు, వృత్తితోపాటు పత్రం నింపినవారికి వారితో ఉన్న చుట్టరికం కూడా అందులో రాస్తారు. ఆ చుట్టరికం గడే నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే ఒకే వ్యక్తి గురించి వేర్వేరు దేశాల నుంచి వచ్చిన పత్రాల వల్ల, బతికి ఉన్న తోబుట్టువులే దశాబ్దాల తర్వాత ఒకరికొకరు దొరికిన సందర్భాలు ఉన్నాయి.

హతులైన సుమారు 60 లక్షల మంది యూదుల్లో దాదాపు 15 లక్షల మంది పిల్లలే. అయినా చిన్నవారికి అంకెలతో, భయపెట్టే ఛాయాచిత్రాలతో మొదలుపెట్టకండి. తమ ఈడు పిల్లవాడొకడి పేరు, ఊరు, బడి గురించి ముందు చెప్పండి.