200 వాట్ల పవర్ యాంప్లిఫయర్ కొంటే 100 వాట్ల దానికి రెట్టింపు సౌండ్ వస్తుందా?

రాదు, వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే (సౌండ్‌ని కొలిచే యూనిట్ ఇది), చెవికి అది కాస్త తేడాగా తెలుస్తుందంతే. సౌండ్ రెండింతలైనట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదిరెట్ల పవర్ కావాలి. మన చెవి వినే తీరే అంత.

అందుకే యాంప్లిఫయర్ కంటే ముందు స్పీకర్ సెన్సిటివిటీ, అంటే 1 వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ మోగుతుందో, చూడాలి. విజయవాడ సత్యనారాయణపురంలో పన్నెండు బై పద్నాలుగు హాలు అనుకోండి. 87 డెసిబెల్స్ స్పీకర్‌కి 1 వాట్ ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ వస్తుంది, 100 వాట్లిస్తే 107. అదే 90 డెసిబెల్స్ స్పీకరైతే 50 వాట్లకే అంత మోగుతుంది! ఇంట్లో మామూలుగా పాటలు వినేటప్పుడు ఖర్చయ్యేది ఒకటి రెండు వాట్లే. మిగతాదంతా డప్పు దెబ్బ, మృదంగం చాపు లాంటి క్షణకాలపు మోతల కోసం ఉండే నిల్వ. ఆ నిల్వ నిజంగా ఉందో లేదో 4 ఓమ్‌ల రేటింగ్ చెబుతుంది. ఓమ్‌లంటే స్పీకర్ కరెంటుకు పెట్టే అడ్డు, అవి తగ్గేకొద్దీ యాంప్లిఫయర్ ఎక్కువ కరెంటివ్వాలి. 8 ఓమ్‌లకు 100 వాట్లిచ్చేది 4 ఓమ్‌లకు 180, 200 దాకా ఇస్తే పవర్ సప్లై గట్టిదన్నమాట. నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది దీనికే.

పెద్ద యాంప్లిఫయర్ పెడితే స్పీకర్ కాలిపోతుందని చాలామంది భయం. నిజానికి చిన్న యాంప్లిఫయర్‌ని దాని శక్తికి మించి తిప్పినా ట్వీటర్ (కీచు స్వరాలు పలికే చిన్న స్పీకర్) పోతుంది. అప్పుడు సిగ్నల్ కొసలు తెగిపోతాయి, దాన్నే క్లిప్పింగ్ అంటారు. అలా తెగిన సిగ్నల్ ట్వీటర్‌ని వేడెక్కిస్తుంది, ఆ వేడికి దాని లోపలి సన్నటి కాయిల్ కాలుతుంది. వాట్లు ఎక్కువున్నా వాల్యూమ్ హద్దులో ఉంటే స్పీకర్‌కి ఏమీ కాదు.