పాఠకుల ప్రశ్నలు - జవాబులు: రోబో కిట్ ముందు ఎవరి చేతులు?

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు, అబ్బాయికి 8 ఏళ్లు. సాయంత్రమైతే ఇంట్లో నలుగురం నాలుగు తెరలకు అతుక్కుపోతున్నామని బాధపడి, అందరం కలిసి చేసే పని ఒకటి ఉండాలన్న ఉద్దేశంతో చక్రాల రోబో కిట్ కొన్నాను. మొదటి వారం ఉత్సాహంగానే గడిచింది. ఆ తర్వాత అబ్బాయి మధ్యలోనే లేచి వెళ్లిపోతున్నాడు, అమ్మాయి ప్రతిదానికీ నాతో వాదిస్తోంది. ఇప్పుడు దాన్ని నేనొక్కడినే ముందేసుకుని కూర్చుంటున్నాను. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు: కీబోర్డు ఎవరి చేతిలో ఉంటోందో మీరు రాయలేదు గానీ, అది మీ చేతిలోనే ఉంటోందని నాకు అనిపిస్తోంది. త్వరగా పూర్తి చేసి పిల్లలను సంతోషపెట్టాలన్న ప్రేమతోనే పెద్దవాళ్లు ఈ పని చేస్తారు. అయితే మోటారు బిగించడం, కోడ్ రాయడం పెద్దల చేతుల్లోకి వెళ్లిన మరుక్షణం పిల్లలు ప్రేక్షకులైపోతారు. ఫస్ట్ లెగో లీగ్ వంటి జట్టు పోటీల్లో రోబో కట్టడం, ప్రోగ్రాం రాయడం పిల్లలే చేయాలనీ, కోచ్ దారి చూపడం వరకే ఉండాలనీ అందుకే నియమం పెట్టారు. రెండున్నర నిమిషాల ఆట కోసం ఆ పిల్లలు నెలల తరబడి కలిసి కూర్చుంటారు.

ప్రోగ్రామర్లు పాటించే జంట పద్ధతిని మీ ఇంట్లోనూ ప్రయత్నించండి. ఒకరు డ్రైవర్‌గా కీబోర్డు పట్టుకుంటారు, మరొకరు నావిగేటర్‌గా పక్కన కూర్చుని ఏం చేయాలో ఆలోచించి చెబుతారు, పది నిమిషాలకోసారి స్థానాలు మారతారు. మొదటి వంతు అబ్బాయికి ఇవ్వండి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన స్క్రాచ్‌ను, అంటే తెర మీద రంగురంగుల దిమ్మెలు పేర్చి ప్రోగ్రాం రాసే భాషను, 8 నుంచి 16 ఏళ్ల వారిని దృష్టిలో పెట్టుకునే రూపొందించారు కాబట్టి అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకే తెర మీద పనిచేయగలరు.

ఇక వాదనల సంగతి. "మూడు సెకన్లు ముందుకు వెళ్లు" అని ఆదేశమిస్తే నిన్న గీత దాకా వెళ్లిన రోబో, బ్యాటరీ తగ్గిన ఈ రోజు గీతకు జానెడు ఇవతలే ఆగిపోవచ్చు. అప్పుడు "నువ్వే ఏదో మార్చేశావు" అని అక్క తమ్ముణ్ని తప్పుపడుతుంది. ఆ క్షణంలో మీరు తీర్పు చెప్పకండి. నేల మీద సుద్దముక్కతో గీత గీసి, ఎంత తక్కువైందో ఇద్దరినీ కలిసి కొలవమనండి. ఆ తర్వాత అబ్బాయి చక్రం చుట్టూ దారం చుట్టి స్కేలు మీద పెట్టాలి. చక్రం వ్యాసం 5.6 సెంటీమీటర్లయితే దారం సుమారు 17.6 సెంటీమీటర్లు వస్తుంది. మీటరు దూరానికి ఎన్ని చుట్లు తిరగాలో అమ్మాయి భాగహారం చేసి చెబుతుంది, దాదాపు 5.7. మీ కిట్‌లో చుట్లు లెక్కపెట్టే మోటారు ఉంటే సెకన్ల బదులు ఆ సంఖ్య వేయమనండి. రోబో గీత మీద ఆగినప్పుడు ఇద్దరూ మొదట ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మీరు కిట్ కొన్నది ఆ చూపు కోసమే కదా!

1967లో పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించిన వారిలో ఒకరైన సీమోర్ పాపెర్ట్, ప్రోగ్రాంలో వచ్చిన తప్పును దాచుకోకుండా వెతికి సరిచేయడమే నేర్చుకోవడంలో ముఖ్యమైన భాగమని భావించారు. మీకు తెలియని చోట "నాకూ అర్థం కావడం లేదు, నువ్వు చూడు" అని అమ్మాయితో నిజాయితీగా అనండి. ఆ మాటతో వాదన చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం.

ప్రశ్న: మేము కిట్ కొనలేం. పైగా మా అత్తగారు కంప్యూటర్ అంటే దూరంగా ఉంటారు. ఆవిడను కూడా ఆటలో కలుపుకోవడం ఎలా?

జవాబు: ఆవిడనే రోబోను చేయండి. గదిలో ఒక చోట ఏదైనా వస్తువు పెట్టి, అక్కడికి చేర్చే ఆదేశాలను పిల్లలు ముందుగానే చీటీల మీద రాయాలి. ఆవిడ వాటిని వరుసగా చదువుకుంటూ, సొంత ఊహ ఏదీ కలపకుండా, రాసింది రాసినట్టే నడవాలి. "కొంచెం ముందుకు" అని రాసిన చీటీ దగ్గర ఆవిడ ఆగి "కొంచెమంటే ఎన్ని అడుగులురా?" అని మనవణ్ని అడుగుతారు. వాడు ఆ చీటీ తీసుకుని మళ్లీ రాస్తాడు.