డంపింగ్ యార్డు దగ్గర పాత సామాన్ల కొట్టు పెడతానంటోంది మా అమ్మాయి, డబ్బులివ్వాలా?

ప్రశ్న: మాది విజయనగరం. నేను ఆర్టీసీలో డ్రైవర్ని. మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తి చేసి ఏడాదైంది. విశాఖలో ఒక కంపెనీలో ఆరు నెలలు ట్రైనీగా చేసి, నచ్చక వచ్చేసింది. ఇప్పుడు మునిసిపాలిటీ డంపింగ్ యార్డు దగ్గర, జనం పారేసిన వస్తువులు బాగుచేసి అమ్మే కొట్టు పెడతానంటోంది. స్వీడన్‌లో ఇలాంటిది ఉందని వీడియోలు చూపిస్తోంది. లక్షన్నర అడుగుతోంది. "చెత్త ఏరుకోడానికా డిప్లొమా చదివించావు" అని చుట్టాలంటున్నారు. వాళ్లమ్మకి ఒకటే టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు: డబ్బులు ఇప్పుడే ఇవ్వకండి, అలాగని వద్దని కూడా అనకండి. ఈ రెండిటి మధ్య ఆరు నెలల పని ఉంది. అది మీ అమ్మాయి చేసి చూపిస్తే ఇవ్వాలో వద్దో మీకే అర్థమవుతుంది, నన్ను మళ్లీ అడగక్కర్లేదు.

ముందు ఆ వీడియో సంగతి. అది నిజమే. స్వీడన్‌లో ఎస్కిల్‌స్టూనా అనే ఊళ్లో 2015లో రిటూనా అని ఒక మాల్ తెరిచారు, అందులో ప్రధానంగా అమ్మేది జనం వద్దనుకుని ఇచ్చేసిన సామాన్లే. ఊరి చెత్త సేకరణ కేంద్రం పక్కనే ఉంటుంది, నడిపేది మునిసిపాలిటీ సొంత కంపెనీ. అంతకు చాలా ముందు, 1980ల మొదట్లోనే, అమెరికాలో కాలిఫోర్నియాలోని బర్కిలీలో అర్బన్ ఓర్ అనే సంస్థ ఊరి చెత్తదిబ్బ మీంచి పనికొచ్చేవి ఏరి అమ్మడం మొదలుపెట్టింది, నలభై ఏళ్లు దాటినా నడుస్తూనే ఉంది. కాబట్టి మీ పిల్లకి వచ్చింది పిచ్చి ఆలోచన కాదు, ముందు ఇంట్లో ఆ మాట ఒకసారి అనండి.

కానీ వీడియోలో కనపడనిది ఒకటుంది. అక్కడ జనం పాత సోఫా, పాత సైకిలు సొంత కారులో వేసుకుని తెచ్చి కేంద్రంలో దింపి వెళ్తారు, అందుకే వస్తువు వస్తువుగానే చేతికొస్తుంది. మన దగ్గర అలా కాదు. కాస్త విలువున్నదేదీ యార్డు దాకా రాదు. "పాత ఇనప సామాన్లు, పాత పేపర్లు కొంటాం" అంటూ వీధిలోకొచ్చే బండికి వేస్తాం, పనిమనిషికి ఇచ్చేస్తాం, పల్లెలో చుట్టాలకి పంపుతాం, ఏదీ కుదరకపోతే అటకెక్కిస్తాం. ఇవన్నీ దాటి మిగిలినవే చెత్తబండిలో పడతాయి, పడ్డాక కూర తొక్కలు, పాచిపోయిన అన్నం, డైపర్లు అన్నీ వాటి మీదే పడి, యార్డులో దింపేసరికి బొమ్మకి బురద, పుస్తకానికి బూజు. ఆ గుట్ట మీంచి ఏరి కొట్టు నడుపుదామంటే జబ్బులు తప్ప ఏమీ మిగలవు. గేటు దాటకముందు ఆపగలిగితేనే అది వస్తువు, గుట్ట ఎక్కాక చెత్తే. మీ అమ్మాయి ప్లానంతా ఈ ఒక్క ముక్క మీద నిలబడాలి, ఇప్పుడు అడుగుతున్న తీరు చూస్తే అది తనకింకా తట్టినట్టు లేదు.

మరి ఏం దొరుకుతుంది అంటే, బండివాడు తూకానికి కొంటాడు. ఫ్యాన్‌ని రాగి కోసం, కుర్చీని ప్లాస్టిక్ కోసం, పుస్తకాన్ని కాగితం కోసం కొంటాడు. ఫ్యాన్‌ని ఫ్యాన్‌గా కొనే మనిషి తక్కువ. కెపాసిటర్ పోయి ఆగిపోయిన ఫ్యాన్‌కి కొత్త కెపాసిటర్ వేస్తే మళ్లీ తిరుగుతుంది, కార్బన్ బ్రష్‌లు అరిగిన మిక్సీకి బ్రష్‌లు మారిస్తే నడుస్తుంది, ఆ పని మీ అమ్మాయికి వచ్చు. తూకం ధరకీ బాగుచేసిన వస్తువు ధరకీ ఉన్న తేడాలోనే తన జీతం ఉంది. ఇక బండివాడు అసలు ముట్టనివి వేరే ఉన్నాయి: చెక్క మంచాలు, ప్లైవుడ్ టేబుళ్లు, పిల్లల ఉయ్యాలలు, మిగిలిపోయిన టైల్స్ పెట్టెలు, వాష్‌బేసిన్లు, స్కూలు బ్యాగులు. పాత పెంకుటిళ్లు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నచోట టేకు గుమ్మాలు, కిటికీ రెక్కలు పాత కలప కొట్లవాళ్లు పట్టుకుపోతారు, వాళ్లతో పోటీకి వెళ్లొద్దు, వాళ్లు వదిలేసిన తలుపు గొళ్లాలు, మడత బందులు, స్విచ్‌బోర్డులు, పింగాణీ సామాను చూసుకోమనండి.

కాలాన్ని కూడా లెక్కేసుకోవాలి. సంక్రాంతికి ముందు ప్రతి ఇంట్లో సామాన్లు బయటపెట్టి దులుపుతారు, పాత కుర్చీలు, విరిగిన బల్లలు భోగిమంటలో వేసేస్తారు. ఎంత మంచి కర్ర కాలిపోతుందో తలుచుకుంటే నాకు ఏటా మనసు చివుక్కుమంటుంది. భోగిమంట మన పండగ, దాన్ని ఆపమని ఎవరూ అనరు, అందులో పిడకలుంటాయి, తాటాకులుంటాయి. కానీ డిసెంబరు ఆఖరి నుంచి నాలుగు వీధులు తిరిగి "మంచి కర్ర సామాను మాకివ్వండి" అని అడిగితే పండగలోపే షెడ్డు నిండుతుంది. అలాగే ఏప్రిల్, మే నెలల్లో కాలేజీ హాస్టళ్లు ఖాళీ చేసేటప్పుడు బకెట్లు, టేబుల్ ల్యాంపులు, పుస్తకాలు కుప్పలుగా వదిలేస్తారు, వార్డెన్‌తో ముందే మాట్లాడుకుంటే చాలు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఆ యార్డు ఖాళీ స్థలం కాదు. తెల్లారకముందే అక్కడికి వచ్చి ప్లాస్టిక్, సీసాలు, ఇనుము ఏరుకుని బతికేవాళ్లు ఉంటారు, చాలావరకు ఆడవాళ్లు, ముసలివాళ్లు. డిప్లొమా చదివిన అమ్మాయి, ఒక పర్మిషన్ కాగితం పట్టుకుని వచ్చి గేటు దగ్గర మంచివన్నీ తీసేసుకుంటే ఆ పూట వాళ్ల కూడు పోతుంది. ఇది జరగకూడదు, ఇది జరిగేలా ఉంటే ఆ కొట్టు వద్దనే నేను చెప్తాను. పుణెలో చెత్త ఏరుకునేవాళ్లే సభ్యులుగా స్వచ్ఛ్ అనే సహకార సంఘం ఉంది, 2008 నుంచి అక్కడి మునిసిపల్ కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుని ఇంటింటి చెత్త తీసుకుంటోంది. మీ అమ్మాయి కూడా ఇద్దరు ముగ్గురిని తనతో కలుపుకోవాలి, ముక్కకింత అని ముందే చెప్పిన రేటు ఇవ్వాలి. ఏ బండిలో ఏమొస్తుందో వాళ్లకి తెలిసినట్టు మనకి తెలియదు. ఎవరిని ఎవరు ఉద్ధరిస్తున్నారు అనే ఆలోచన మానేసి, వాళ్ల దగ్గర పని నేర్చుకోడానికి వెళ్తున్నానన్నట్టు వెళ్లమనండి.

పర్మిషన్ దగ్గరికొస్తే, మునిసిపాలిటీలకి ఇది కొత్త మాట కాదు. 2023 మే 20 నుంచి దేశమంతా పట్టణాల్లో పాత బట్టలు, చెప్పులు, పుస్తకాలు, బొమ్మలు ఇచ్చే ట్రిపుల్ ఆర్ (రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్) కేంద్రాలు తెరిపించారు. చెత్త ఏరుకునేవాళ్లని, వాళ్ల సంఘాలని ఈ పనిలో కలుపుకోవాలని 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే రాశారు, మీ అమ్మాయి వెళ్లే రోజుకి ఏ నిబంధనలు అమల్లో ఉన్నాయో ఆ కాపీ చేత్తో పట్టుకుని వెళ్లమనండి. ముందు వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ, తర్వాత శానిటరీ ఇన్‌స్పెక్టర్, ఆ తర్వాతే కమిషనర్. నేరుగా పైకి వెళ్తే కింద పని జరగదు. ఏం జరిగినా కాగితం మీద జరగాలి. ఇదివరకు నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడు వేరే ఊళ్లో ఇలాగే ఒక ఆఫీసరు నోటిమాట మీద షెడ్డు వేశాడు, ఆయనకి బదిలీ అయింది, వారంలో ఖాళీ చెయ్యమన్నారు, సామానంతా వానలో నానిపోయింది. ఎన్నాళ్లకి, ఎంత జాగా, కరెంటు ఎవరిది, అమ్ముడుపోనిది తిరిగి ఎవరు తీసుకెళ్తారు, ఈ నాలుగూ రాసుండాలి. నాలుగోది చాలామంది మర్చిపోతారు. అమ్ముడుపోనివి పేరుకుని ఆర్నెల్లలో కొట్టే చిన్న యార్డు అయిపోతుంది.

కొట్టు మాత్రం యార్డు దగ్గర పెట్టొద్దు. ఆ 2016 నిబంధనల్లోనే చెత్తదిబ్బ ఇళ్లకీ, హైవేకీ, చెరువుకీ 200 మీటర్లు, నదికి 100 మీటర్ల దూరంలో ఉండాలని రాశారు, అంటే అది ఊరికి ఎడంగానే ఉంటుంది, మనకి కారేసుకుని అక్కడిదాకా వెళ్లి ఫ్యాన్ కొనే అలవాటు లేదు. గేటు దగ్గర ఒక రేకుల షెడ్డు, అక్కడ ఏరడం, కడగడం. అమ్మకం ఊళ్లో, జనం నడిచే దారిలో ఒక చిన్న గది. కొత్తగా కాపురం పెట్టేవాళ్లు, అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్లు, పనుల కోసం వచ్చి నాలుగు నెలలుండి వెళ్లే కుటుంబాలు, కొనేది వీళ్లే.

లెక్క ఒకటి వేసి చూద్దాం. ఆగిపోయిన ఫ్యాన్ 150 కి కొన్నారనుకోండి, కెపాసిటర్, బేరింగులు, రంగు కలిపి 200, గంటన్నర పని, 650 కి అమ్మితే 300 మిగులుతుంది. అద్దె 4,000, రవాణా 3,000, కలిసి పనిచేసేవాళ్లకి 6,000 అనుకుంటే నెలకి 44 ఫ్యాన్లు అమ్మితే ఆ ఖర్చులే తీరతాయి, తన చేతికి అప్పటికింకా రూపాయి రాదు. అందుకే లక్షన్నర ముందే పెట్టొద్దంటున్నాను. ఈ అంకెలు నేను అనుకున్నవి, తను మార్కెట్లో తిరిగి అసలు అంకెలు వేసుకుని మీకు చూపించాలి.

లోన్ల సంగతి క్లుప్తంగా చెప్తాను. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోన్లలో శిశు రకం 50,000 దాకా. పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం)లో సేవారంగం యూనిట్‌కి 20 లక్షల దాకా ప్రాజెక్టు ఒప్పుకుంటారు, ఆడపిల్ల కాబట్టి సొంత వాటా 5 శాతం, పట్టణంలో అయితే సబ్సిడీ 25 శాతం. అది కొత్త యూనిట్లకే ఇస్తారు, అందువల్ల ఉద్యం (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషన్ చేయించే ముందే జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి, అప్పటికి స్కీము ఎలా ఉందో కనుక్కుని అడుగెయ్యాలి.

ఒక రిజిస్టరు తప్పనిసరి. ఎవరిచ్చారు, ఏమిచ్చారు, ఫోన్ నంబరు, తేదీ. పాత సామాన్ల వ్యాపారంలో దొంగ సొత్తు ఎప్పుడో ఒకసారి వస్తుంది, తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317 కింద నేరం, తెలియక కొన్నామని చూపించడానికి ఆ పుస్తకమే దిక్కు. పాత కరెంటు సామాను బాగుచేసి అమ్మే వ్యాపారానికి 2022 ఈ-వ్యర్థాల నిబంధనలు ఉన్నాయి, ఫ్యాన్లు, మిక్సీలకైనా రీఫర్బిషర్‌గా (బాగుచేసి అమ్మేవాళ్లుగా) రిజిస్టరు కావాలో లేదో ముందే కనుక్కోవాలి, కంప్యూటర్లు, టీవీల జోలికి మొదట్లో వెళ్లొద్దు. హెల్మెట్లు, పాత కుక్కర్లు, గ్యాస్ రెగ్యులేటర్లు, పరుపులు, పాలపీకలు ఎంత బాగున్నట్టు కనిపించినా అమ్మకూడదు.

అమ్మా, ఇక్కడ్నించి నీతో. మొదటి రెండు నెలలు ఊళ్లో ఒక రిపేరు షాపులో చేరు, జీతం ఇవ్వకపోయినా సరే, కాలేజీ ల్యాబులో నేర్చుకున్నదానికీ తుప్పుపట్టిన మోటారుకీ చాలా దూరం. జిల్లాకొకటి చొప్పున బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో భోజనం, వసతితో ఉచిత కోర్సులుంటాయి, నీకు పనికొచ్చేది ఉంటే చెయ్యి. మూడో నెలలో అనుమతి అడిగి యార్డు గేటు దగ్గర రోజూ రెండు గంటలు నిలబడి, ఏ బండిలో ఏమొచ్చిందో నోటుబుక్కులో రాసుకో. ఒక రోజు బొబ్బిలి వెళ్లు, నాన్నగారు బస్సెక్కిస్తారు, అక్కడి మునిసిపాలిటీ చెత్తని వేరుచేసే పద్ధతికి చాలాకాలంగా పేరుంది, వేరు చెయ్యడం అనే పని చేతుల్తో ఎలా జరుగుతుందో కళ్లారా చూడాలి. మిగిలిన మూడు నెలలు మీ ఇంటి వరండాలోనే ఇరవై వస్తువులు కొని, బాగుచేసి, అమ్ము. పది అమ్ముడుపోయి, కొన్నవాళ్లు పాడైందని తిరిగి తేకపోతే అప్పుడు నాన్నగారిని అడుగు. ఈలోపు ఉద్యోగాల అప్లికేషన్లు ఆపొద్దు, వార్డు సచివాలయాల్లో శానిటేషన్ పోస్టుకి నోటిఫికేషన్ పడితే అర్హత చూసుకో, ఈ ఆరు నెలల అనుభవం అక్కడ వృథా పోదు.

చుట్టాల మాటకొస్తే, మీరు బస్సు నడుపుతూ ఎంతమందిని ఇంటికి చేర్చారో మీకు తెలుసు, ఆ పని చిన్నదని ఎవరన్నా అంటే మీకెంత కష్టంగా ఉంటుందో అదే మీ అమ్మాయికీ ఉంటుంది. చుట్టాలు పిల్ల భవిష్యత్తుకి భయపడుతున్నారు, అందులో తప్పులేదు. కానీ ఆరు నెలలకి ఆ పిల్ల బాగుచేసిన ఫ్యాన్ మీ ఇంట్లో తిరుగుతుంటే మాట కొంత మారుతుంది.

వాళ్లమ్మగారి భయం మాత్రం సరైనది, దాన్ని కొట్టిపారెయ్యొద్దు. యార్డులో గాజుముక్కలుంటాయి, సూదులుంటాయి, ఎండాకాలం కుప్పలో పుట్టే గ్యాసుకి మంటలు లేస్తాయి. గమ్‌బూట్లు, మందమైన గ్లోవ్స్, మాస్కు లేకుండా గేటు దగ్గరికి పంపకండి, గుట్ట మీదికి ఎలాగూ ఎక్కనివ్వొద్దు. మొదటి ఖర్చు కొట్టుకి కాదు, ఆస్పత్రికి పెట్టండి: ఒక ధనుర్వాతం (టెటనస్) ఇంజక్షన్, హెపటైటిస్ బి టీకా. హెపటైటిస్ బి మూడు డోసులు, రెండోది నెలకి, మూడోది ఆరు నెలలకి. మొదటి డోసు ఈ వారమే వేయిస్తే, డబ్బుల సంగతి మీరు కూర్చుని మాట్లాడుకునే నాటికి మూడోది కూడా పడుతుంది.