ఓలాంజపిన్ మొదలుపెట్టాక అబ్బాయి 17 కిలోలు పెరిగాడు, మాత్ర ఆపేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి 26 ఏళ్ళు. పక్కింటివాళ్ళు తన గురించే మాట్లాడుకుంటున్నారని, అన్నంలో ఏదో కలిపారని అనేవాడు. స్కిజోఫ్రీనియా అని ఓలాంజపిన్ 15 మిల్లీగ్రాములు రాత్రిపూట రాశారు, 8 నెలలైంది. ఇప్పుడు ఆ మాటలేవీ వినపడట్లేదట, మొబైల్ షాపులో పనికి కూడా వెళ్తున్నాడు. కానీ 62 కిలోలు ఉండేవాడు 79 అయ్యాడు. అర్ధరాత్రి లేచి వంటింట్లో గిన్నెలు వెతుక్కుంటాడు. మొన్న పక్క దులుపుతుంటే దిండు కింద నాలుగు మాత్రలు దొరికాయి. మా అన్నయ్యేమో నయమైంది కదా, ఆపేయండి అంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, బరువు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ దిండు కింద మాత్రల సంగతి. ఆపొద్దు. మీ అన్నయ్య గారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు కానీ ఆ గొంతులు ఆగింది ఆ మాత్ర వల్లే. ఆపేసిన వారం బాగానే ఉంటాడు, ఒక్కోసారి నెల రెండు నెలలు కూడా బాగానే ఉంటాడు, అక్కడే అందరూ మోసపోతారు, తర్వాత మెల్లగా నిద్ర కరువవుతుంది, మాట తగ్గుతుంది, మళ్ళీ అన్నం కంచం దగ్గర అనుమానం మొదలవుతుంది. రెండోసారి తిరగబెడితే మొదటిసారంత తొందరగా తేరుకోకపోవచ్చు.

అయితే బాబు మాత్ర ఎందుకు దాచాడో నాకు అర్థమవుతోంది. ఎనిమిది నెలల్లో 17 కిలోలంటే పాత చొక్కా ఒక్కటీ పట్టదు. షాపుకొచ్చిన ఫ్రెండ్సు ఏంట్రా ఇలా అయిపోయావ్ అంటారు. దానికి తోడు ఇంట్లో కూడా కాస్త తగ్గించి తినొచ్చు కదా అంటూ ఉంటే ఆ వయసు కుర్రాడు ఇంకేం చేస్తాడు చెప్పండి. ఇక్కడ మీరు ఒకటి తెలుసుకోవాలి, ఇది వాడి తిండిపోతుతనం కాదు. మానసిక జబ్బు మందుల్లో ఒంటికి ఎక్కువ బరువు తెచ్చేవి క్లోజపిన్, ఓలాంజపిన్, ఈ రెండే ముందుంటాయి. కడుపు నిండింది, ఇక చాలు అని మెదడుకి చెప్పే కొన్ని రిసెప్టర్లని ఇవి మూసేస్తాయి, అందుకే రెండు ప్లేట్లు తిన్నాక కూడా వాడికి నిజంగానే ఆకలేస్తుంది. పైగా మత్తుగా ఉండి కదలిక తగ్గుతుంది. ఇంకో గొడవేంటంటే బరువుతో సంబంధం లేకుండా కూడా ఈ మందులు ఇన్సులిన్ పనిని కొంత దెబ్బతీస్తాయి, కాబట్టి సన్నగా ఉన్నా షుగర్ చూడాల్సిందే.

ఇప్పుడొక ప్రశ్న. మాత్ర మొదలుపెట్టిన రోజు బరువు, నడుము కొలత, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ మీ ఫైల్లో ఎక్కడైనా రాసి ఉన్నాయా? ఉండకపోవచ్చు. ఇది మా డాక్టర్ల తప్పే, దాచుకోవడానికేం లేదు. 2004 లోనే అమెరికాలో షుగర్ డాక్టర్లు, సైకియాట్రిస్టులు కలిసి రాసిపెట్టారు, మొదట్లో ఇవన్నీ చూడాలి, 4, 8, 12 వారాలకి మళ్ళీ బరువు చూడాలి, మొదటి బరువులో 5 శాతం పెరిగితే మందు మార్చే విషయం ఆలోచించాలి అని. మీ బాబు లెక్కలో 5 శాతమంటే 3 కిలోలు. అంటే 65 దాటినప్పుడే ఎవరో ఒకరు ఆగి చూడాల్సింది. సరే అయిపోయింది, ఈ వారమే పరగడుపున షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చేయించండి, బీపీ చూపించండి. నడుము బొడ్డు దగ్గర టేపుతో కొలవండి, మన మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటితే ఎక్కువే. ఒకవేళ ఆగకుండా దాహం, పదేపదే మూత్రం, వాంతులు, మగతగా పడి ఉండటం లాంటివి కనిపిస్తే మాత్రం రిపోర్టుల కోసం ఆగకుండా అప్పుడే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.

మీ సైకియాట్రిస్ట్‌ని రెండు విషయాలు అడగండి. ఒకటి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర. షుగర్ లేకపోయినా ఈ బరువుకి వాడతాం, 500 మిల్లీగ్రాములతో అన్నం తర్వాత మొదలుపెట్టి మెల్లగా పెంచుతాం, మొదట్లో కొందరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు ఉంటాయి, తర్వాత సర్దుకుంటుంది. సగటున 3 కిలోల దాకా తగ్గుతారు, 17కి 17 పోతుందని ఆశపెట్టను, కానీ పెరగడం ఆగితే అదే సగం గెలుపు. కిడ్నీ రిపోర్ట్ చూడకుండా మెడికల్ షాపులో మీరే కొనొద్దు. ఎక్కువ కాలం వాడితే బీ12 విటమిన్ కూడా చూసుకోవాలి. రెండోది మందు మార్చడం. అరిపిప్రజోల్, లురాసిడోన్ లాంటివి బరువు బాగా తక్కువ పెంచుతాయి, మారిస్తే చాలామందికి కొంత తగ్గుతుంది. కానీ బాగున్న మనిషికి మందు మార్చడమంటే రిస్క్ ఉంది, పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ కొన్ని వారాల మీద చేయాలి. అరిపిప్రజోల్‌తో కొందరికి ఒకచోట కూర్చోలేని అసహనం కూడా వస్తుంది. వాడు పనికి వెళ్తున్నాడు కాబట్టి నేనైతే ముందు మెట్‌ఫార్మిన్‌తో మూడు నెలలు చూస్తాను, అయినా బరువు పెరుగుతుంటే మారుస్తాను. ఈ మధ్య అందరూ అడుగుతున్న బరువు తగ్గే ఇంజెక్షన్లు మొదటి మెట్టు కాదు, ఖర్చు కూడా ఎక్కువ.

తిండి విషయంలో వాణ్ణి వదిలేసి వంటింటిని మార్చండి. అర్ధరాత్రి వెతుక్కునేవాడికి మిక్చర్ డబ్బా, చల్లారిన అన్నం దొరికితే అవే తింటాడు, ఉడకబెట్టిన సెనగలో కీరదోస ముక్కలో గుడ్డో మజ్జిగో దొరికితే అవి తింటాడు. కూల్‌డ్రింకులు ఇంట్లోకే తేకండి. ఈ మందులకి నోరు ఎండుతుంది, దాహమని చెప్పి అవే తాగుతారు, చాలామంది బరువు అక్కడే పెరుగుతుంది. రాత్రి తిన్నాక మీరే వాడితో కలిసి అరగంట నడవండి, వెళ్ళు వెళ్ళు అంటే వెళ్ళడు. సిగరెట్ అలవాటుంటే మానడం మంచిదే కానీ డాక్టర్‌కి చెప్పి మానాలి, పొగ ఆపేస్తే రక్తంలో ఓలాంజపిన్ పెరిగి మత్తు ఎక్కువవుతుంది.

ఆ నాలుగు మాత్రల గురించి ఇంట్లో పంచాయితీ పెట్టకండి. లావైపోతున్నానని వేసుకోలేదు అని డాక్టర్ ముందు వాడి నోటితోనే చెప్పనివ్వండి, మీరు మధ్యలో అందుకోవద్దు. అపాయింట్‌మెంట్‌కి ఇంకా టైముంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు.